ఎడమవైపు మనకి అలవాటే

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ఈ మధ్య నన్ను చూడడానికి వచ్చారు. కాఫీ తాగి, "ఆంటీ, ఇన్నేళ్ళు ట్రావెల్ ఏజెన్సీలో చేశారు కదా, మాకు ఏవైనా టిప్స్ ఇవ్వండి" అన్నారు. టిప్స్ అంటే వాళ్ళ ఉద్దేశం ఏ రోజు టికెట్ చవక, ఏ రిసార్టు కమిషన్ ఎక్కువ ఇస్తుంది అని. అలాంటివి నాకు తెలిసినవన్నీ పాతబడిపోయాయి. పాతబడనిది ఒక్క కోపమే మిగిలింది. అదే రాసి ఇస్తాను, పనికొస్తే వాడుకోండి.

నేను అమెరికా రాకముందు గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మా ఆయనకి ఇక్కడ కార్ల కంపెనీలో ఉద్యోగం కాబట్టి మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు. ట్విన్ టవర్లు కూలిన మరుసటి ఏడాది, జనం విమానం ఎక్కడానికే భయపడుతున్న రోజుల్లో, ఇండియన్ గ్రోసరీ పక్కనున్న ట్రావెల్ ఏజెన్సీలో నాకు పని దొరికింది. ఎవరూ రాని కొట్లో తక్కువ జీతానికి కూర్చునే మనిషి కావాలి వాళ్ళకి. నేను కూర్చున్నాను. జనం మళ్ళీ ఎగరడం మొదలుపెట్టేసరికి నాకు పని వచ్చేసింది.

మొదట్లో అన్నీ ఇండియా టికెట్లే. తర్వాత మనవాళ్ళకి గ్రీన్‌కార్డులు వచ్చాయి, ఇళ్ళు కొన్నారు, పిల్లలు స్కూల్లో "మేం స్ప్రింగ్ బ్రేక్‌కి ఐలాండ్ వెళ్ళాం" అనే మాటలు విని ఇంటికొచ్చి పోరు పెట్టారు. అప్పటినుంచి దీవులు మొదలయ్యాయి. బహామాస్, జమైకా, బార్బడోస్, సెయింట్ లూసియా. మిషిగన్ చలికి ముక్కు చీదుకుంటూ లోపలికి వచ్చి, గోడ మీద నీలం సముద్రం పోస్టరు చూపించి, "ఇది ఇవ్వండి" అనేవారు, కొట్లో చీర అడిగినట్టు.

పోస్టర్లో లేనివి

మీకు ముందు చెప్పాల్సింది ఇదే. దీవి పోస్టర్లో ఎప్పుడూ ఎండే ఉంటుంది. వాన ఉండదు, కొండ ఉండదు, రోడ్డు అసలే ఉండదు. మనం అమ్మేది పోస్టరైనా కస్టమరు దిగేది నేల మీద.

ఎనిమిదో తరగతి పిల్లలకి నేను చెప్పిన పాఠమే ఇది. సముద్రం మీదనుంచి గాలి ఒకే దిక్కునుంచి వీస్తుంది. ఆ గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డున వానలు, పెద్ద అలలు. కొండకి అవతల ఒడ్డున ఎండ, నిమ్మళమైన నీళ్ళు. ఒకే దీవి, ఒకే రోజు, రెండు వాతావరణాలు. ఇంత చిన్న విషయం తెలియక ఎన్ని హనీమూన్లు పాడయ్యాయో. మా ఆఫీసులోనే ఒక కొత్త జంటకి "ఓషన్ ఫ్రంట్, సగం ధర" అని గాలివైపు ఒడ్డున గది అమ్మారు. ఆ అమ్మాయి తిరిగొచ్చి, "ఆంటీ, వారమంతా సముద్రం మా మీదకి అరుస్తూనే ఉందండీ, కాలు పెట్టనివ్వలేదు" అంది. సగం ధర ఎందుకో అమ్మినవాడు అడగలేదు, కొన్నవాడూ అడగలేదు.

రెండోది చీకటి. మిషిగన్‌లో జూలై నెలలో రాత్రి తొమ్మిది దాటినా పిల్లలు బయట సైకిళ్ళు తొక్కుతుంటారు. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఆ భోగం ఉండదు. అక్కడ ఎండాకాలంలోనైనా ఆరున్నరకి సూర్యుడు దిగిపోతాడు, దిగాక సాయంత్రం అంటూ ఏమీ మిగలదు. గుంటూరులో పుట్టిపెరిగిన నాకు ఇది వింత కాదు. కానీ ఇరవై ఏళ్ళు ఇక్కడున్న మనవాళ్ళు దాన్ని పూర్తిగా మర్చిపోయారు. సెలవంటే పొడుగాటి సాయంత్రం అనుకుంటారు.

మూడోది దూరం. ఇక్కడ ఎవర్ని అడిగినా దూరం గంటల్లో చెబుతారు. అరవై మైళ్ళంటే గంట. ఫ్రీవే అంత తిన్నగా ప్రపంచమంతా ఉంటుందని వీళ్ళ నమ్మకం. అగ్నిపర్వతం పుట్టించిన దీవిలో రోడ్డు కొండ చెప్పినట్టు తిరుగుతుంది. పాతిక మైళ్ళకి గంటన్నర పడుతుందని చెబితే నవ్వేవారు. "ఆంటీ, అంత చిన్న దీవిలో ట్రాఫిక్కా?" అని అడిగిన మహానుభావుడికి ఆటోమొబైల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ ఉంది.

పైగా వెళ్ళినవాళ్ళయినా చూసొస్తారా అంటే అదీ లేదు. రిసార్టు గేటు లోపల వారం రోజులు బఫే తిని, చేతికి కట్టిన ప్లాస్టిక్ బ్యాండ్ తీయకుండా ఆఫీసుకి వచ్చి, "సెయింట్ లూసియా కవర్ చేసేశాం" అనేవారు. అక్కడి జనం ఇంట్లో మాట్లాడుకునే భాష ఏమిటో ఒక్కరికీ తెలియదు. ఆ దీవిలో మనలాంటి పేర్లున్నవాళ్ళు, ఎప్పుడో చెరుకుతోటల పనికి ఓడల్లో తీసుకెళ్ళిన కూలీల వారసులు ఉన్నారని చెబితే, "ఓహో, అయితే ఇండియన్ ఫుడ్ దొరుకుతుందన్నమాట" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నవ్వి ఊరుకునేదాన్ని, ఎందుకంటే నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే.

హరిగోపాల్ గారు

మా ఓనరు పేరు హరిగోపాల్ అనుకోండి. మంచి మాటకారి. తెల్లచొక్కా నలగనివ్వడు. గుడికి విరాళాలు, తెలుగు అసోసియేషన్‌కి స్పాన్సర్‌షిప్పులు, ఎవరింట్లో శుభకార్యమైనా ముందుండేవాడు. ఆయన్ని ఎవరూ చెడ్డవాడనరు. నేనూ అనను. ఆయనకి జాగ్రఫీ మీద ఆసక్తి లేదు, అంతే. దీవి అంటే ఆయన దృష్టిలో ఒక ధర. ధర తగ్గించడానికి దేన్నయినా పీకి అవతల పెట్టేవాడు.

మొదట పీకేది ఎయిర్‌పోర్ట్ ట్రాన్స్‌ఫర్. అంటే విమానం దిగిన చోటునుంచి బస వరకు స్థానిక డ్రైవరు తీసుకెళ్ళే ఏర్పాటు. దాన్ని తీసేసి రెంటల్ కారు పెడితే ప్యాకేజీ చవకగా కనపడుతుంది, కారు కంపెనీ ఈయనకి కమిషన్ ఇస్తుంది. కార్ల కంపెనీలు జనాన్ని తీసేస్తున్న రెండువేల ఎనిమిది నాటి మాంద్యం రోజుల్లో చవక అనే మాటకి మా ఊళ్ళో ఎంత విలువ ఉండేదో చెప్పక్కర్లేదు.

నేను అప్పుడప్పుడు గొడవపడేదాన్ని. "సార్, సెయింట్ లూసియాకి ఎయిర్‌పోర్ట్ దక్షిణం కొసన ఉంది, బస ఉత్తరం కొసన ఉంది, మధ్యలో కొండ ఉంది" అనేదాన్ని. ఆయన చిరునవ్వు నవ్వి, "అమ్మా విజయా, నువ్వు పాఠాలు చెప్పడం మానలేదు" అనేవాడు. నా పదేళ్ళ టీచరు ఉద్యోగాన్ని ఒక అలవాటు కింద జమకట్టేశాడు.

మీకూ ఇలాంటి బాసు దొరుకుతాడు. తిట్టేవాడైతే నయం, ఎదురు తిట్టవచ్చు. నవ్వేవాడితో ఏం చేయాలో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.

మీలో కారు నడిపినవాళ్ళెవరు

ఒక ఏడాది జూలై సెలవులకి మూడు కుటుంబాలు కలిసి సెయింట్ లూసియా వెళతామని వచ్చాయి. గ్రూపు పెద్ద ప్రసాదరావు గారు. బ్రేకుల డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఇంజనీరు, యాభై దాటిన మనిషి. గ్రూపులో అందరికంటే చిన్నవాడు సునీల్, సీట్లు డిజైన్ చేసే టీములో పని. ఎవరేం చెప్పినా "సరేనండీ" అనే రకం. వాడి భార్య మాధవి. విజయవాడలో దంతవైద్యం చదివి వచ్చి, ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి మళ్ళీ కాలేజీలో చేరి ఆఖరి ఏడాదిలో ఉంది. ఎడమచేతి వాటం. ఫారం నింపుతుంటే నేను గమనించి అడిగితే, "మా ప్రొఫెసరు కూడా వింతగా చూస్తాడండీ, నాకోసం కుర్చీ అటుతిప్పాలి" అని నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

ప్యాకేజీలో ట్రాన్స్‌ఫర్ లేదు. పది మందికీ కలిపి పెద్ద వ్యాన్ రెంటల్ పెట్టాడు హరిగోపాల్. నేను ఊరుకోలేక, "ఆ దేశంలో ఎడమవైపు నడపాలండీ. స్టీరింగ్ కుడివైపు ఉంటుంది" అన్నాను.

హరిగోపాల్ వెంటనే అందుకుని, "ఎడమవైపు మనకి అలవాటే కదండీ. అమెరికన్లు భయపడాలి గానీ మనమెందుకు భయపడడం?" అన్నాడు.

అందరూ హాయిగా నవ్వారు. ప్రసాదరావు గారు ఛాతీ ముందుకు పెట్టి, "చిన్న దీవే కదమ్మా, ఎంతసేపు" అన్నారు.

"మీలో ఇండియాలో కారు నడిపినవాళ్ళెవరండీ?" అని అడిగాను.

వాళ్ళందరూ ఇరవైల్లోనే ఇక్కడికి వచ్చినవాళ్ళు. డ్రైవింగ్ నేర్చుకున్నది మిషిగన్‌లో, ఆటోమేటిక్ కారులో, కుడివైపు. ప్రసాదరావు గారు, "నేను స్కూటర్ నడిపానమ్మా, వరంగల్‌లో" అన్నారు.

మళ్ళీ నవ్వులు. ఈసారి నేను నవ్వలేదు. ఎడమవైపు అలవాటు ఉన్నది వాళ్ళ దేశానికి. వాళ్ళ చేతులకి లేదు. చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూసిన రోడ్డుని, తాము నడిపిన రోడ్డు అనుకుంటున్నారు. ఈ పొరపాటు తెల్లవాళ్ళు చేయరు. వాళ్ళు భయపడి టాక్సీ ఎక్కుతారు. మనవాళ్ళే చేస్తారు, అందులోనూ కార్లు తయారుచేసే మనవాళ్ళు. బ్రేకులు కనిపెట్టేవాడికి బ్రేకు ఎప్పుడు వేయాలో ట్రావెల్ ఏజెన్సీ ఆవిడ చెప్పడమేమిటి?

స్టీరింగ్ కుడివైపుకి మారితే జరిగేది ఒకటుంది. ఇక్కడ నడిపేవాడు కారుకి ఎడమ పక్కన కూర్చుంటాడు, బండి ఒళ్ళంతా కుడివైపు ఉంటుంది. అక్కడ కుడి పక్కన కూర్చోగానే, ఎడమవైపు ఎంత బండి ఉందో కళ్ళకి అందదు. తెలియకుండానే ఎడమకి జరిగిపోతాడు. ఆ రోడ్ల పక్కన వాననీళ్ళు పోవడానికి లోతైన కాంక్రీటు కాలువలుంటాయి, మూతలుండవు. ఇదంతా చెప్పబోయాను. హరిగోపాల్ నా వైపు తిరిగి, "విజయా, డల్లాస్ ఫోన్ వస్తోంది చూడమ్మా" అన్నాడు. ఫోనేమీ రావడం లేదు.

సాయంత్రం మాధవికి ఫోన్ చేశాను. "అమ్మాయ్, ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే బయట టాక్సీలుంటాయి. మీరిద్దరైనా అది ఎక్కండి. వ్యాన్ వాళ్ళనే తెచ్చుకోమను" అన్నాను.

"నాకూ అలాగే ఉందండీ. కానీ మేమిద్దరం వేరేగా వెళితే ప్రసాదరావు అంకుల్ ఏమనుకుంటారో. సునీల్‌కి ఆయన రిఫరెన్స్‌తోనే జాబ్ వచ్చింది" అంది.

నేను ఫోన్ పెట్టేశాను. గ్రూపు టూర్లలో ఇది నేర్చుకోండి. టికెట్ పది మంది పేర్ల మీద ఉంటుంది, నిర్ణయం ఒక్కడిది. మిగతా తొమ్మిది మంది మర్యాద కోసం ప్రయాణం చేస్తారు.

పెరుగు

జరిగింది తర్వాత మాధవి చెప్పగా విన్నాను.

మధ్యాహ్నమే దిగారు. వ్యాన్ చేతికొచ్చేసరికి నాలుగు. తిన్నగా బయల్దేరితే వెలుగుండగానే చేరేవారు. కానీ బసలో వంటిల్లుంది, రాత్రికి వండుకోవాలి కదా. రైస్ కుక్కరు, ఆవకాయ, పప్పులు సూట్‌కేసుల్లో ఉన్నాయి. పెరుగు లేదు. పెరుగు లేకుండా ప్రసాదరావు గారికి ముద్ద దిగదు. ఒక కొట్లో లేదు, రెండో కొట్లో పళ్ళ రుచి కలిపిన తీపి పెరుగు ఉంది, మూడో కొట్టు కోసం ఎయిర్‌పోర్ట్ ఊరంతా తిరిగారు. వెలుగు చాలా ఉందనుకున్నారు. గడియారం చూసినవాళ్ళు మిషిగన్ లెక్కలో చూశారు.

ఇక నడిపేదెవరు? పెద్దవాళ్ళిద్దరూ విమానంలో బీరు తాగారు. "తమ్ముడూ, నువ్వు పట్టు, నేను రూటు చెబుతా" అని ప్రసాదరావు గారు సునీల్‌కి తాళాలిచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఇదీ మన పద్ధతే. పెద్దాయన దారి చెబుతాడు, చిన్నవాడు స్టీరింగ్ పడతాడు. తప్పిపోతే దారి ఎవరిదన్న ప్రశ్న రాదు.

తూర్పు ఒడ్డు దాటి రోడ్డు కొండలోకి ఎక్కేసరికి చీకటి పడిపోయింది. వాన అందుకుంది. మలుపుల్లో మాధవికి కడుపులో తిప్పి, ఎడమ కిటికీ తెరిచి, అంచు మీద ఎడమచెయ్యి వేసుకుని గాలికోసం తల పెట్టింది. ఎదురుగా లారీ వచ్చింది. సునీల్ ఎడమకి తప్పుకున్నాడు. ప్రసాదరావు గారు, "ఇంకా జరుగు, ఇంకా జరుగు" అన్నారు. ఎడమ చక్రాలు కాలువలోకి దిగి, వ్యాన్ కొండరాతి మీదకి ఒరిగింది. మధ్యలో మాధవి చెయ్యి ఉంది.

మిగతావాళ్ళకి దెబ్బల్లేవు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి వ్యాన్‌ని ఎత్తి ఆమెను బయటికి తీసి రాజధానిలో ఆసుపత్రికి చేర్చారు. అక్కడివాళ్ళు చేయగలిగింది చేసి, పెద్ద ఆపరేషన్‌కి తిరిగి పంపించారు. ఇక్కడ మళ్ళీ ఆపరేషన్లయ్యాయి. చెయ్యి మిగిలింది. రెండు వేళ్ళకి స్పర్శ రాలేదు. పన్ను లోపల వెంట్రుకవాసి తేడాతో పని చేయాల్సిన వేళ్ళవి.

డైనింగ్ హాలు

వాళ్ళు వచ్చిన కొన్నాళ్ళకి హరిగోపాల్ నన్ను లోపలికి పిలిచాడు. ఎప్పటిలాగే నవ్వుతూనే, "విజయా, ఎవరైనా అడిగితే మనం ట్రాన్స్‌ఫర్ ఆఫర్ చేశాం, వాళ్ళే వద్దన్నారు అని చెప్పు. అందరికీ మంచిది" అన్నాడు.

"మనం ఆఫర్ చేయలేదు కదండీ" అన్నాను.

"చేసినట్టే కదమ్మా. ఎవరడిగినా ఇచ్చేవాళ్ళమే కదా."

అప్పటికే ఊళ్ళో కథ స్థిరపడిపోయింది. కుర్రాడు కంగారుపడ్డాడు, స్టీరింగ్ వదిలేశాడు, భార్య చెయ్యి పోగొట్టాడు. చెప్పినవాళ్ళలో మొదటివారు ప్రసాదరావు గారు. ఆయన అబద్ధం చెబుతున్నాననుకుని ఉండరు. ఆయనకి నిజంగానే అలా గుర్తుండిపోయింది. తన గొంతు, "ఇంకా జరుగు" అన్న ఆ గొంతు, ఆయన జ్ఞాపకంలోంచి జారిపోయింది.

ఒక ఆదివారం గుడి డైనింగ్ హాల్లో భోజనాలు జరుగుతున్నాయి. మాధవి చేతికి పట్టీతో కూర్చుని ఉంది. సునీల్ ఆమె ప్లేట్లో అన్నం కలిపి ముద్దలు చేసి పెడుతున్నాడు, ఆమె కుడిచేత్తో అలవాటు లేకుండా తింటోంది. పక్క బల్ల దగ్గర ప్రసాదరావు గారు ఎవరికో వివరిస్తున్నారు. "ఈ జనరేషన్‌కి రిఫ్లెక్సెస్ లేవండీ. ఎడమవైపు డ్రైవింగ్ మనకి ఎంత అలవాటు, అయినా..."

నేను ప్లేటు పెట్టేసి లేచాను. నా గొంతు తరగతి గది గొంతు, మైకు అక్కర్లేదు.

"ప్రసాదరావు గారూ, మీలో ఇండియాలో కారు నడిపినవాళ్ళెవరని ఆఫీసులో అడిగాను. మీరు స్కూటర్ అన్నారు. ట్రాన్స్‌ఫర్ తీసేసింది మా ఆఫీసు. ఎడమవైపు అలవాటే అని చెప్పింది మా ఓనరు. పెరుగు కోసం రెండు గంటలు తిప్పింది మీరు. ఇంకా జరుగు అన్నది మీరు. ఆ అబ్బాయి మీ అందరి మాట విన్నాడు. వాడు చేసిన తప్పు అదొక్కటే."

సాంబారు వడ్డించే ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ప్రసాదరావు గారి భార్య, "ఇప్పుడవన్నీ ఎందుకు విజయ గారూ, జరిగింది జరిగిపోయింది" అంది. హరిగోపాల్ దూరంగా ఎవరితోనో మాట్లాడుతూ వినపడనట్టు అటు తిరిగాడు.

సునీల్ తలెత్తకుండా, "ఆంటీ, వదిలేయండి. నడిపింది నేనే కదా" అన్నాడు.

నాకు అందరికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఆ మాటే. వాడి మీద కోపం కాదు. మంచివాడి నోట్లో అంత తేలిగ్గా ఆ మాట ఎవరు పెట్టారో వాళ్ళ మీద.

మర్నాడు హరిగోపాల్ నన్ను రావద్దన్నాడు. అదీ నవ్వుతూనే. "నీకూ రెస్ట్ కావాలి కదమ్మా" అన్నాడు. ఆ ఏడాది అసోసియేషన్ వాళ్ళు ఆయనకి శాలువా కప్పారు, ప్రయాణ రంగంలో సేవలకి. ఆఫీసులో దిగిన ఫోటో చూశాను. వెనకాల గోడ మీద నీలం సముద్రం.

బేస్‌మెంట్

తర్వాత మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక బల్ల, ఫోను పెట్టుకుని సొంతంగా చేశాను. చాలామంది రాలేదు. వచ్చినవాళ్ళని నేనే కొందరిని పొమ్మన్నాను. వెబ్‌సైట్లు వచ్చాక ఇంకా తగ్గారు. అయినా నాకు అడగాల్సిన ప్రశ్నలు తగ్గలేదు. ఎన్నింటికి దిగుతారు, అప్పటికి అక్కడ వెలుగు ఎంతసేపు ఉంటుంది, బస కొండకి ఏ పక్క, ఆ నెలలో వాన ఎలా ఉంటుంది, నడిపేదెవరు, అతను ఎప్పుడైనా అటువైపు కూర్చుని నడిపాడా. కస్టమర్లు విసుక్కునేవారు. "ఆంటీ, ఇమ్మిగ్రేషన్‌లో కూడా ఇన్ని క్వశ్చన్స్ అడగరు" అనేవారు. విసుక్కోనివ్వండి. మీరు అడగండి. కస్టమర్లు అడిగింది కంప్యూటరు ఇస్తుంది. వాళ్ళకి అడగడం తెలియనిది చెప్పడానికే మనం ఉన్నాం. ఆ ఒక్కటి చేయకపోతే మనం దండగ.

సునీల్ కారు నడపడం మానేశాడు. ఈ దేశంలో, ఈ ఊళ్ళో, కార్ల కంపెనీలో పనిచేస్తూ. మాధవి కుడిచేత్తో డ్రైవ్ చేసి అతన్ని ఆఫీసు దగ్గర దింపేది. ఆమె ప్రాక్టీసు ఆశ వదులుకుని, స్కూళ్ళలో పిల్లల దంతాల ఆరోగ్యం చూసే ప్రోగ్రాంలో చేరింది. ఇద్దరూ బాగానే ఉన్నారనేవారు అందరూ. మాధవి ఒకసారి నాతో, "నేను ఆయన్ని ఎప్పుడూ ఒక్క మాట అనలేదండీ. అనకపోవడం కూడా ఆయనకి శిక్షలాగే ఉంది" అంది.

నేను పని ఆపేసే ఏడాది, మాధవి మా బేస్‌మెంట్‌కి వచ్చింది. "ఆంటీ, సెయింట్ లూసియా బుక్ చేయండి. ఇద్దరికే. పొద్దున్నే దిగేలా. డ్రైవరు ఉండాలి. ఆ రోడ్డు ఆయన పగలు చూడాలి."

నేను ఆఖరున బుక్ చేసిన ప్రయాణం అదే. డిసెంబరు తర్వాత వానలు తగ్గే నెల చూశాను. పొద్దున్న దిగే విమానం కుదరక, ముందురోజు ఎయిర్‌పోర్ట్ ఊళ్ళోనే బస పెట్టి, మర్నాడు కాఫీ తాగాక బయల్దేరేలా ఏర్పాటు చేశాను. డ్రైవరుతో ఫోన్లో నేనే మాట్లాడాను.

వాళ్ళు ఆ రోడ్డెక్కిన రోజు మా దగ్గర మంచు పడుతోంది. ఫోన్ మోగింది. సునీల్.

"ఆంటీ, అక్కడే ఉన్నాం" అన్నాడు. గాలి చప్పుడు వినపడుతోంది, వెనక ఎవరిదో హారన్. "కాలువ గట్టు మీద కూర్చున్నాను."

"వెలుగు బాగుందా?" అని అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"బాగా ఉందండీ. ఆంటీ... ఈ గట్టు కాంక్రీటంతా బళ్ళు రాసుకుపోయిన గీతలేనండీ. తెల్ల పెయింటు, ఎరుపు, సిల్వరు, ఒకదాని మీద ఒకటి. మలుపు పొడుగునా ఉన్నాయి. నా గీత వెతికాను. ఏది నాదో తెలియట్లేదండీ."

ఫోను మాధవి తీసుకుంది. "ఏడుస్తున్నారాంటీ. ఏడవనిస్తున్నాను. మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది.

వచ్చాక ఇద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. సునీలే నడుపుకొచ్చాడు, మెల్లగా, మా డ్రైవ్‌వేలో రెండుసార్లు సరిచేసుకుని ఆపాడు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను గానీ బయటికి వెళ్ళలేదు.

పెరుగన్నం తింటూ అతను ఒక మాట చెప్పాడు. ఆ గీతల్లో ఒకటి మరీ కొత్తదట. గోకితే రంగు ఇంకా పొడిగా రాలుతోందట. నీలం రంగు.

ఎవరో ఎక్కడో ఒక ఆఫీసులో, నీలం సముద్రం పోస్టరు కింద కూర్చుని, ఎవరికో నవ్వుతూ చెప్పి ఉంటారు, చిన్న దీవే కదా అని.